ఆట ఆగిపోయిన తరువాత...

మనిషికి అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాల్లో ఆరోగ్యం ఎంతో గొప్పది. విచిత్రమేమిటంటే, చేతిలో ఉన్నంతకాలం మనిషి అతి తక్కువగా గుర్తుచేసుకునే అనుగ్రహం కూడా అదే. నడుస్తున్నంతసేపు మనకు కాళ్ళున్నాయన్న ఆలోచనే రాదు. మోకాలు ఒక్కసారి మెలిపడితే చాలు, ఇంటి గడప కూడా కొండలా కనిపిస్తుంది.

ఇది అందరికీ వర్తించే విషయమే. అయితే శరీరమే జీవనాధారమైన వారికి ఇది మరింత పెద్ద సమస్య. పదేళ్ళ ప్రాయం నుంచే తెల్లవారుజామున లేచి, ఎండనక వాననక సాధన చేసి, ఒక ఆటగాడు పేరు సంపాదిస్తాడు. సరిగ్గా వికసించే వయసులో ఒక గాయమో, ఒక జబ్బో వచ్చి, ఇక నువ్వు ఆడకూడదని డాక్టరు చెబుతాడు. అప్పుడు కొన్ని ప్రశ్నలు తలెత్తుతాయి. అన్నేళ్ళ శ్రమ వృథా అయినట్లేనా? ఆట పోయిన తరువాత ఆ మనిషికి మిగిలిన విలువ ఎంత? నిన్నటిదాకా అతన్ని భుజాలపై మోసినవారికి అతని పట్ల బాధ్యతేమైనా ఉందా? జరిగినదంతా విధివ్రాత అని ఊరుకోవడమేనా విశ్వాసి చేయవలసింది?

ఇవి ఎక్కడో దూరదేశాల వారి ప్రశ్నలు కావు. మన వరంగల్‌లో ఫజ్ర్ నమాజు ముగిసీ ముగియగానే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వైపు, కాజీపేట రైల్వే మైదానం వైపు బూట్లు భుజాన వేసుకొని పరుగులు తీసే పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. వారిలో ఎందరో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఇంటిల్లిపాది ఆశలు మోస్తున్నవారు. కనుక ఈ విషయాన్ని కాస్త నింపాదిగా ఆలోచిద్దాం.

ఏడేళ్ళ ఆట, అరవై ఏళ్ళ జీవితం

తులసీదాస్ బలరాం పేరు నేటి తరానికి అంతగా తెలియకపోవచ్చు. ఆయన 1936లో సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద కుటుంబంలో పుట్టారు. ఆ రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, ఆ తరువాత భారత జట్టుకూ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షకులుగా ఉండేవారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం సాబ్ ఆ పిల్లవాడిలోని ప్రతిభను గుర్తించి చేరదీశారు. కులమతాలు చూడలేదు, పేదరికం చూడలేదు.

ఇరవై ఏళ్ళకే బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో చోటు సంపాదించారు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద ఆయన గోల్స్ చేశారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశం ఆ తరువాత ఇంతవరకూ మళ్ళీ స్వర్ణం గెలవలేదు. అదే ఏడాది ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

మరుసటి సంవత్సరం, అంటే 1963లో, ఆయన ఆట ముగిసింది. ప్లూరసీ అనే జబ్బు, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర వాయడం, ఆయనను మైదానం నుంచి తప్పించింది. అప్పటికి ఆయన వయసు సుమారు ఇరవై ఏడేళ్ళు. అదే 1963 జూన్‌లో గురువు రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఏడాది క్రితం జకార్తాలో పతకం అందుకున్న ఆనందంలో ఉన్నవారిలో ఎవరు ఊహించి ఉంటారు, పన్నెండు నెలలు తిరక్కుండానే గురువు ఊపిరి ఆగిపోతుందని, శిష్యుడి ఆట ఆగిపోతుందని!

బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయారు. లెక్క వేసి చూడండి. దేశం తరఫున ఆడింది ఏడేళ్ళు. ఆట ఆగిన తరువాత బతికింది అరవై ఏళ్ళు. క్రీడాలోకం ఆయన గురించి రాసినదంతా ఆ ఏడేళ్ళ గురించే. ఆ అరవై ఏళ్ళలో ఆయన యువ ఆటగాళ్ళకు శిక్షణ ఇచ్చారు. అదే కాలంలో, తనను మరచిపోయారన్న బాధను పలుమార్లు బహిరంగంగానే చెప్పుకున్నారు. మనం ఆలోచించవలసింది ఈ అరవై ఏళ్ళ గురించే. ఎందుకంటే మైదానంలో గడిచే కాలం ఎవరికైనా కొద్దిదే. గాయం ఆ కొద్ది కాలాన్ని మరింత కుదిస్తుంది, అంతే. మిగిలిన జీవితమంతా ఏ విలువ మీద నిలబడాలి అన్నదే అసలు ప్రశ్న.

ఎత్తుకు ఎదిగినదేదీ అక్కడే ఉండిపోదు

దైవప్రవక్త (స) వద్ద అజ్‌బా అనే ఒంటె ఉండేది. పరుగులో దాన్ని ఏ ఒంటే మించలేకపోయేది. ఒకరోజు ఒక పల్లెటూరి అరబ్బు తన లేత ఒంటె మీద వచ్చి దాన్ని దాటిపోయాడు. సహాబాల మనసు నొచ్చుకుంది. ఆ బాధ వారి ముఖాల్లో కనిపించింది. అప్పుడు ఆయన (స), ప్రపంచంలో పైకి లేచిన ఏ వస్తువునైనా అల్లాహ్ ఎప్పుడో ఒకప్పుడు కిందికి దించుతాడని, అది ఆయన నియమమని వారికి తెలియజేశారు.

ఈ సంఘటనలో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆయన (స) పందేన్ని నిరసించలేదు, ఒంటె వేగాన్ని చిన్నచూపు చూడలేదు. దాని వేగం శాశ్వతమన్న భ్రమను మాత్రమే తొలగించారు. ఆట తప్పు కాదు. బలం కోరుకోవడమూ తప్పు కాదు. ధర్మ నిబద్ధత కలిగిన బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు మరింత ప్రియమైనవాడని కూడా హదీసు ద్వారా మనకు తెలుస్తోంది. అయితే అదే హదీసులో, బలవంతుడిలోనూ బలహీనుడిలోనూ మేలు ఉందన్న మాట కూడా ఉంది. ఆ రెండో మాటను మనం తరచుగా వదిలేస్తాం.

శరీరం మన సొత్తు కాదు, అమానతు. అప్పగించినవాడు దాన్ని ఎప్పుడైనా, ఎంతైనా తిరిగి తీసుకోగలడు. పొరుగువాడు మన దగ్గర దాచుకున్న వస్తువును అడిగి తీసుకుంటే, అది పోయిందని మనం ఏడవం. కానీ కాలి బలం, ఊపిరి బలం పోయినప్పుడు మాత్రం ఎవరో దోచుకుపోయినట్లు కుమిలిపోతాం. దుఃఖం సహజమే. దాన్ని ఎవరూ కాదనలేరు. కొడుకు ఇబ్రాహీం చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. హజ్రత్ యాఖూబ్ (అలైహి) కొడుకు కోసం దుఃఖించి దుఃఖించి చూపే కోల్పోయారు. అయినా చక్కని సహనానికి ఉదాహరణగా మనం చెప్పుకునేది ఆయన గురించే. కనుక కన్నీరు సహనానికి విరుద్ధం కాదు. నా జీవితం ఇంతటితో ముగిసిపోయింది అనుకోవడమే సహనానికి విరుద్ధం.

పోయింది ఏమిటి? మిగిలింది ఏమిటి?

గాయపడిన ఆటగాడిని అమితంగా బాధించేది ఒళ్ళు నొప్పి కాదు, నేనెవరిని అన్న ప్రశ్న. మన వరంగల్ వారికి ఈ ప్రశ్న మరో రూపంలో పరిచయమే. ఆజంజాహి మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది. మిల్లు కూతతో నిద్రలేచి, మిల్లు పనే తన పేరులో భాగం చేసుకున్న కార్మికుడు ఒకనాటికి ఆ పేరు లేకుండా మిగిలాడు. జీతం పోవడం ఒక దెబ్బ. ఫలానా పని చేసే మనిషిని అని చెప్పుకోలేకపోవడం రెండో దెబ్బ. ఆటగాడికైతే ఈ రెండు దెబ్బలూ ఒకే రోజున, పడుచు వయసులోనే తగులుతాయి.

ఇక్కడ విశ్వాసానికీ లోకరీతికీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. లోకం మనిషి చేతనైన పనిని బట్టి విలువ కడుతుంది. పని ఆగితే విలువ తీసేస్తుంది. మన జిల్లాలోని పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి సంగతి అందరికీ తెలుసు. మానసిక ఎదుగుదలలో లోపం ఉందని చిన్నప్పుడు చుట్టుపక్కలవారు ఆమెను హేళన చేసేవారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచాక ఆమెకు పూలదండలు పడ్డాయి. పతకానికి ముందు, పతకానికి తరువాత ఆమె అదే ఆడపిల్ల. అల్లాహ్ సృష్టించిన మనిషిగా ఆమె గౌరవం ఎన్నడూ తగ్గలేదు, ఎన్నడూ పెరగలేదు. మారింది జనం చూపు మాత్రమే. ఏ కారణం లేకుండా చిన్నచూపు చూసిన కళ్ళే పతకం చూసి పెద్దచేశాయి. గాయం తగిలిన ఆటగాడి విషయంలో అవే కళ్ళు మళ్ళీ చిన్నచూపు చూస్తాయి. అలాంటి చూపు మీద ఒక మనిషి తన జీవితాన్ని కట్టుకోవడం ఇసుక మీద ఇల్లు కట్టుకోవడమే.

ఇస్లాం ఈ విషయంలో ఎంతో ఊరటనిచ్చే బోధన చేసింది. దాసుడు జబ్బుపడితే, ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన సత్కార్యాల పుణ్యం అతని ఖాతాలో యథాప్రకారం రాయబడుతుందని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. సోదరులారా! ఈ మాట బరువును గమనించండి. నడిచి మస్జిదుకు వెళ్ళేవాడు మంచాన పడితే, ఆ అడుగులు ఆగిపోయినా వాటి పుణ్యం ఆగదు. తన సంపాదనతో తల్లిదండ్రులను పోషించినవాడు పని చేయలేకపోతే, ఆ సేవ లెక్కలోంచి తొలగిపోదు. లోకపు స్కోరు బోర్డు ఆట ఆగగానే చెరిగిపోతుంది. అల్లాహ్ వద్ద ఉన్న చిట్టా చెరగదు.

కనుక శ్రమ వృథా అయిందా అన్న ప్రశ్నకు జవాబు, ఏ ఉద్దేశంతో శ్రమించామన్న దానిలో ఉంది. కేవలం చప్పట్ల కోసం శ్రమించి ఉంటే, ఆ చప్పట్లు మైదానంలోనే దొరికిపోయాయి, ఇక మిగిలింది లేదు. హలాల్ సంపాదన కోసం, ఇంటివారి కోసం, ఇచ్చిన శక్తిని సద్వినియోగం చేయడం కోసం శ్రమించి ఉంటే దానిలో ఒక్క రోజు కూడా వృథా కాలేదు. పైగా ఆట నేర్పిన గుణాలు మోకాలితోపాటు పోవు. తెల్లవారకముందే లేవడం, ఓటమిని ఒప్పుకోవడం, తోటివాడికి బంతి అందించి తాను వెనక నిలబడడం, రెఫరీ చూడకపోయినా మోసం చేయకపోవడం... ఇవి కాలిలో ఉండే గుణాలు కావు, మనసులో ఉండేవి.

హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ) మదీనాలోని ప్రసిద్ధ ధర్మశాస్త్ర పండితుల్లో ఒకరు. ప్రయాణంలో ఉండగా పుండు ముదిరి ఆయన కాలు తీసివేయవలసి వచ్చింది. అదే ప్రయాణంలో ఒక కుమారుడు కూడా మరణించాడు. తీసుకున్నదాన్ని గాక అల్లాహ్ మిగిల్చిన అవయవాలను, మిగిల్చిన సంతానాన్ని లెక్కపెట్టి ఆయన కృతజ్ఞతలు చెల్లించారని చరిత్రకారులు రాశారు. ఆయన ద్వారా మనకు చేరిన విద్య ఆ కాలు మీద ఆధారపడింది కాదు.

"అలా చేయకపోయి ఉంటే..."

గాయపడిన తరువాత మనిషిని లోలోపల తొలిచేసే పురుగు ఒకటుంది. ఆ రోజు ఆడకపోయి ఉంటే, ఆ బంతికి ఎగరకపోయి ఉంటే, ముందే డాక్టరుకు చూపించి ఉంటే... జరిగిపోయినదాని మీద ఇలా 'ఉంటే' అనుకుంటూ కూర్చోవడం షైతాను పనికి తలుపు తెరవడమేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అయితే అదే బోధనలో, నీకు మేలు చేసేదాని కోసం గట్టిగా ప్రయత్నించు, అల్లాహ్ సహాయం కోరు, చేతకానివాడిలా కూర్చోకు అన్న ఆదేశం కూడా ఉంది. అంటే గతం విషయంలో సమర్పణ, భవిష్యత్తు విషయంలో ప్రయత్నం. మనలో చాలామంది దీన్ని తలకిందులు చేస్తాం. గతం గురించి పోట్లాడతాం, భవిష్యత్తు గురించి విధివ్రాత అని చేతులు ముడుచుకుంటాం.

విధివ్రాతను నమ్మడమంటే బాధ్యతను మరచిపోవడం కాదు. మొరాకో మూలాలున్న డచ్ ముస్లిం యువకుడు అబ్దుల్‌హఖ్ నూరి ఆమ్‌స్టర్‌డామ్‌లోని అయాక్స్ క్లబ్బు ఆటగాడు. 2017 జులై 8న ఆస్ట్రియాలో ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో గుండె లయ తప్పి మైదానంలోనే కుప్పకూలాడు. అప్పటికి వయసు ఇరవై ఏళ్ళు. ప్రాణం దక్కింది కాని మెదడుకు శాశ్వతమైన హాని జరిగింది. మైదానంలో అందిన చికిత్స సరిగా లేదని 2018లో క్లబ్బు తానే ఒప్పుకుంది. 2022లో కుటుంబానికి 78 లక్షల 50 వేల యూరోల పరిహారం చెల్లించడానికి అంగీకారం కుదిరింది. అతని 34వ నంబరు చొక్కాను ఆ క్లబ్బు మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది.

గుండె ఆ క్షణాన లయ తప్పడం మనిషి చేతిలో లేనిది. తరువాతి నిమిషాల్లో సరైన చికిత్స అందించడం మాత్రం మనుషుల బాధ్యత. మొదటిదానికి సహనం, రెండోదానికి న్యాయం. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. విధివ్రాత పేరు చెప్పి బాధితుడి హక్కును కాజేసేవాడు విశ్వాసాన్ని తన తప్పుకు ముసుగుగా వాడుకుంటున్నాడు.

సమాజం బాకీ

ఇక మన వంతుకు వద్దాం. సహనం గురించి రెండు కాళ్ళూ బాగున్నవాడు ఉపన్యాసం చెప్పడం సులువు. గాయపడినవాడు తన నోటితో తానే అల్హందులిల్లాహ్ అనడం సహనం. మనం వెళ్ళి అతనితో బలవంతంగా అనిపించడం సహనం నేర్పడం కాదు. రోగిని పరామర్శించడం ముస్లింపై తోటి ముస్లింకు ఉన్న హక్కు. ఆ హక్కు మొదటి వారంతో తీరిపోదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం చుట్టూ జనం ఉంటారు. ఆరు నెలల తరువాత, పోటీల్లో తోటివారంతా ఆడుతుంటే ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఎవరూ ఉండరు. పరామర్శ అసలు అవసరమయ్యేది అప్పుడే. వెళ్ళినప్పుడు కూడా, నీ పాపాల ఫలితమనో, ఆట మానమని ముందే చెప్పాం కదా అనో అనకూడదు. హజ్రత్ అయ్యూబ్ (అలైహి) దైవప్రవక్త. ఆయన అన్నేళ్ళు జబ్బుతో బాధపడ్డారు. ఆ జబ్బు చూసి ఆయన గురించి ఎవరేమి తీర్పు చెప్పగలరు?

నలుగురి మాటల కన్నా ఒక్క పని మేలు. దుకాణం ఉన్నవారు అతనికి పని చూపించవచ్చు. చదువు మధ్యలో ఆపినవాడికి తిరిగి ఫీజు కట్టవచ్చు. జకాత్‌కు అర్హుడైతే, నలుగురికీ తెలియకుండా అతని ఇంటికి చేర్చవచ్చు. పిల్లలకు ఆట నేర్పమని అడిగితే అతని అనుభవం నలుగురికీ అక్కరకొస్తుంది, తాను ఇంకా పనికివస్తానన్న ధైర్యం అతనికి కలుగుతుంది.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం మోపాలన్నది మనకు తెలిసిన బోధనే. ఆటల్లో ఉన్న పిల్లల విషయంలో ఒంటెను కట్టడం అంటే ఏమిటి?

మొదటిది, నొప్పిని దాచనివ్వకండి. సెలక్షన్ పోతుందన్న భయంతో నొప్పి మాత్రలు మింగి ఆడే పిల్లలున్నారు. శరీరానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ హక్కును కాలరాసి సాధించే గెలుపులో శుభం ఉండదు.

రెండోది, సరైన వైద్యం. మోకాలు మెలిపడి వాచినప్పుడు ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందని సంతోషపడి, కట్టు కట్టించి పంపేస్తుంటారు. ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు తెగితే అది ఎక్స్‌రేలో కనిపించదు. స్కానింగ్ అవసరమవుతుంది. ఆపరేషన్ చేసినా తిరిగి మైదానంలోకి దిగడానికి సాధారణంగా తొమ్మిది నెలలైనా ఆగవలసి ఉంటుంది. తొందరపడితే అదే చోట మళ్ళీ తెగే ప్రమాదం ఎక్కువ.

మూడోది, చదువు ఆపించకండి. నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2017లో భుజానికి గాయమై చాలాకాలం బాక్సింగ్‌కు దూరమైంది. తిరిగి వచ్చి 2022లో, 2023లో ప్రపంచ విజేతగా నిలిచింది. ఆమె పట్టుదల మన పిల్లలకు ఆదర్శమే. కానీ బలరాంకు తిరిగి వచ్చే దారి దొరకలేదు. ఏ బిడ్డకు ఏ దారి రాసి ఉందో మనకు తెలియదు. అందుకే రెండు దారులకూ సిద్ధం చేయాలి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. గోల్ కొట్టిన రోజున ఎంత ప్రేమగా అన్నం పెడతామో, ఓడి వచ్చిన రోజునా అంతే ప్రేమగా పెట్టాలి. ఆట వల్ల కాక, బిడ్డ కావడం వల్లనే తాను ఈ ఇంట్లో ప్రియమైనవాడినని పిల్లవాడికి తెలిసి ఉండాలి. అది తెలిసిన బిడ్డ ఆట పోయినా నిలబడతాడు.

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) జబ్బుతో బాధపడుతూ నమాజు గురించి అడిగితే, నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (స) అనుమతించారు. నిలబడే శక్తి పోయినందుకు నమాజు రద్దు కాలేదు. అది మరో రూపంలో కొనసాగింది. జీవితం కూడా అంతే. ఒక రూపం మూసుకుపోతే దాసుడి పని ముగిసిపోదు. ఉన్న శక్తితో, ఉన్న స్థితిలో, తరువాతి రూపంలో అది మొదలవుతుంది.

ఆరోగ్యం ఉన్నప్పుడు కృతజ్ఞులుగా, అది తగ్గినప్పుడు సహనశీలురుగా, పడిపోయినవారి పట్ల బాధ్యత ఎరిగినవారిగా జీవించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.